కంప్యూటరునకు ర్యామ్ ఎన్నుకొనుట

పాత కంప్యూటరు మందగించినంతనే, అప్పుచేసియైనను క్రొత్తది కొనవలయునని తలంచు తలిదండ్రులు బందరులోను, గుడివాడలోను, దివిసీమ గ్రామములలోను కలరు. పలుమారు ర్యామ్ పెంచిన చాలును. దాని నెన్నుకొను విధమును సంగ్రహముగా తెలిపెదము.

హార్డుడిస్కు వరికుప్పవంటిది, ర్యామ్ కళ్లమువంటిది. కుప్ప యెంత పెద్దదైనను నూర్పు జరుగునది కళ్లముననే. కళ్లము ఇరుకైనచో పనలు తెచ్చుటకును, తిరిగి మోయుటకును ప్రొద్దు పోవును.

మొదట, పని జరుగుచుండగా టాస్క్ మేనేజరు తెరచి చూడవలెను. ర్యామ్ ఇంచుమించు నిండుచుండినచో లోప మదియే. నిండనిచో క్రొత్తది కొనుట ధనవ్యయమే.

పిమ్మట మదర్‌బోర్డునకు తగిన జాతి నెరుంగవలెను. డీడీఆర్3కు 240 పిన్నులు, డీడీఆర్4కును డీడీఆర్5కును 288 పిన్నులు కలవు. ఈ రెంటి పిన్నుల సంఖ్య ఒకటే యైనను గాడి వేర్వేరు చోట్ల నుండును. కావున ఒకదాని స్థానమున మరియొకటి అమరదు; బలవంతముగా నొక్కరాదు.

సామాన్యముగా బడిపనులకు 8 గిగాబైటులు చాలును. 32 బిట్ల విండోసులో 4 గిగాబైటులకు మించినది వ్యర్థము. జంట మార్గములు గల బోర్డున ఒక 8 కంటె సమానమైన రెండు 4లు మేలు. రెండు కాలువల నీరు పారినట్లు సమాచారము పారును. వేగములు వేరైనచో రెండును మందమైన దానితోనే నడచును.

విద్యార్థులారా, అంగడికి పోవుటకు ముందే బోర్డు పేరును, ర్యామ్ జాతిని కాగితముపై వ్రాసికొనుడు. కావలసిన దేదో యెరిగినవాని సొమ్ము వృథాపోదు.