ట్యాంకు అను మాట

ఊరి నీళ్లతొట్టి ట్యాంకు. హైదరాబాదులో చెఱువుగట్టు ట్యాంకుబండు. ఈ విశాఖపట్టణములో నా మనుమడు కంప్యూటరు ముందు కూర్చుండి నడుపు యుద్ధపుబండియు ట్యాంకే. ఇన్నిటికి ఒక్క పేరెట్లు వచ్చెను?

మన చెఱువులను తెల్లదొరలు ట్యాంకులనిరి. 1915లో ఇంగ్లండున ఉక్కురేకుల యుద్ధశకటమును రహస్యముగా చేయించుచు, గుట్టు పొక్కకుండుటకై, అది నీళ్లుమోయు తొట్టి యని పనివారికి చెప్పిరి. ఆ బొంకే పేరై నిలిచినది! 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ నదీప్రాంతమున అది మొదట రణమునకు దిగెను. సిద్ధపఱచినవి 49, అనేకము దారిలోనే చెడి నిలిచినవి. కదలినవియు మనిషి నడకను మించలేదు.

మనుమడాడు ఆట పేరు వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్. బెలారూసు దేశపు మిన్స్కు నగరమున పుట్టిన సంస్థ దానిని 2010లో వెలువరించినది. పదునైదుగురొక పక్షము, పదునైదుగురొక పక్షము. ఎవరి యింట వారుండియే అంతర్జాలముమీద పోరుదురు. పూర్వపు శకటముల రూపురేఖలను, పేర్లను అందు చూపుదురు గనుక కుఱ్ఱవారికి కొంత చరిత్ర తెలియుచున్నది, నేను కాదనను. బండి కాలిపోయినచో వాడు మఱియొకటి ఎక్కును.

లోపలి వేడిమి మాత్రము తెరపై కానరాదు. ఆ తొలి బండిలో ఎనమండుగురు ఇంజనుతో ఒకే గదిలో ఉండెడివారు. పొగకు, ఉడుకునకు సొమ్మసిల్లినవారు కలరు. మన ఉక్కు కర్మాగారమున కొలిమిచెంత పనిచేసినవారు ఆ ఉడుకును కొంత ఊహింపగలరు. వారికైనను వెలుపలికి వచ్చి గాలి పీల్చుకొను వీలున్నది. 1971 డిసెంబరు 16న బసంతర్ యుద్ధమున, అంటుకొన్న ట్యాంకును విడిచి రమ్మని పైవారు చెప్పినను, ఫిరంగి ఇంకను పేలుచున్నదని అరుణ్ ఖేత్రపాల్ దిగలేదు. అతనికప్పుడు 21 ఏండ్లు.