ఆరు బోర్డులు... రెండెకరాల చెలక

ఆదివారం పొద్దున పది దాటితే మా ఇంటి వరండాలో యుద్ధం మొదలవుతుంది. రెండు జట్లు, జట్టుకు ఇరవై మంది సైనికులు. ఒక్కొక్కరి ఎత్తు 28 మిల్లీమీటర్లు, అంటే నా బొటనవేలి గోరు కన్నా కొంచెం ఎక్కువ. యుద్ధరంగం పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు. అమ్మ చాయ్ గ్లాసులు తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతుంది. "ఈ బండరాళ్ల మీద పెట్టకమ్మా, అవి థర్మాకోల్‌వి" అని చెప్పాలి.

మాది ఆర్మూర్. 44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే ఊరు. పసుపు, సిద్ధులగుట్ట మా ఊరి గుర్తులు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు ఇంటి నుంచే పని. ఈ ఆట అంటించింది ఆఫీసు దోస్తే.

పులి-మేక ఆట తెలిసినవాళ్లకు దీన్ని చెప్పడం సులువు. పులి-మేకలో పులి గీత మీదే నడవాలి. ఇక్కడ గీతలుండవు. టేపు పెట్టి ఇంచుల్లో కొలిచి బొమ్మను జరపాలి. దెబ్బ తగిలిందో లేదో పాచిక చెబుతుంది. బండ వెనక దాక్కున్నవాడిని కొట్టడం కష్టం. గుట్ట ఎక్కినవాడికి దూరం కనిపిస్తుంది. ఒర్రె దాటేవాడు నెమ్మదిస్తాడు. అందుకే ఈ ఆటలో సైనికుల కన్నా నేల ముఖ్యం. ఆ నేలను రెండడుగుల పలకలుగా చేసుకుంటే విప్పి సర్దుకోవచ్చు, ప్రతిసారీ కొత్త వరసలో పేర్చుకోవచ్చు.

ఈ పలకల ఆలోచన కొత్తదేం కాదు. 1812లో ప్రష్యా రాజుకు రైస్విట్జ్ అనే ఆయన ఒక యుద్ధపు ఆట బల్ల చేసి ఇచ్చాడు. కొండలు, బాటలు, నదులు ఉన్న చిన్న చిన్న పలకలను దాని మీద ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. 1824లో ఆయన కొడుకు ఆ ఆటను మ్యాపుల మీదికి మార్చితే, సైన్యం తన అధికారుల శిక్షణకు వాడుకుంది. 1913లో హెచ్.జి.వెల్స్ 'లిటిల్ వార్స్' అని పుస్తకమే రాశాడు. అసలు యుద్ధాల కన్నా ఈ బొమ్మల యుద్ధాలే మేలని ఆయన వాదన. మన దగ్గర మాత్రం కొత్తేముంది? బొమ్మల కొలువులో రాగులు మొలకెత్తించి పొలం చేసేవాళ్లకు ఈ పని సగం వచ్చినట్టే.

చెలక ఎందుకంటే...

మొదట నేనూ అందరిలాగే వీడియోలు చూసి, పైన్ చెట్లు, మంచు కొండలు చేద్దామనుకున్నాను. ఒకరోజు లెక్క వేస్తుంటే వేరే సంగతి తేలింది. ఐదున్నర అడుగుల మనిషి 28 మిల్లీమీటర్లయితే, స్కేలు ఒకటికి అరవై. రెండడుగుల బోర్డు అసలు నేల మీద 120 అడుగులు. 120 పొడవు, 120 వెడల్పు అంటే 14,400 చదరపు అడుగులు. గుంటకు 1,089 చదరపు అడుగులు కదా, అంటే పదమూడు గుంటల పైచిలుకు. ఆరు బోర్డులు కలిపితే దాదాపు 79 గుంటలు. ఒక గుంట తక్కువ రెండెకరాలు!

గుట్ట దిక్కు మాకు రెండెకరాల చెలక ఉండేది. నడుమ మోటబాయి, పక్కన యాపచెట్టు, ఒక మూలకు నల్లటి బండలు. ఆ బాయి కిందే పసుపు పండేది. మూడేళ్ల కింద అక్క పెండ్లి, పసుపు ధర పడిపోయినప్పుడు చేసిన అప్పు, రెండూ ఒకేసారి మీద పడి ఆ చెలక అమ్మేశాం. ఇప్పుడక్కడ బండలు లేవు, బాయి లేదు. చదును చేసి, ప్లాట్లకు తెల్ల రాళ్లు పాతారు. ఇంకో ఎకరం వేరే దిక్కు ఉంది, బాపు అందులోనే పసుపు వేస్తున్నాడు. కానీ ఆ రెండెకరాల మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

నేనూ ఎత్తలేదు. నాలుగడుగులు, ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి కొనుక్కొచ్చాను. దాన్ని కోస్తే సరిగ్గా ఎనిమిది పలకలు.

"ఏం చేస్తున్నవ్‌రా?" అన్నాడు బాపు.

"బోర్డులు చేస్తున్నా."

మా బాపుకు బోర్డు అంటే పసుపు బోర్డే. దాని కోసమే 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో రైతులు వందకు పైగా నామినేషన్లు వేశారు, మొత్తం 185 మంది బరిలో నిలిచారు. 2025 జనవరిలో ఆ బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. "సర్కారుకే బోర్డు వెట్టుడు అన్నేండ్లు వట్టింది. నువ్వు ఇంట్ల కూసొని ఎన్ని వెడ్తవ్?" అని నవ్వి వెళ్లిపోయాడు.

అంచులు కలిస్తేనే ఆట

ఈ పనిలో మొదటి పాఠం అంచులే. పలక మధ్యలో ఏమైనా చేసుకోండి, అంచు దగ్గర మాత్రం అన్నీ ఒకే మాట మీద ఉండాలి. నా నియమాలు మూడు. అంచు దగ్గర నేల ఎత్తు అన్నిటికీ ఒకటే ఇంచు. ప్రతి అంచుకు సరిగ్గా నడుమ మూడించుల బాట బయటికి రావాలి. గుట్ట ఎంత ఎత్తున్నా అంచుకు రెండించుల ముందే దిగిపోవాలి. అట్టతో ఒక నమూనా కత్తిరించి, ప్రతి అంచుకూ ఆనించి చూసుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో మేం ఇంటర్‌ఫేస్ అనేది ఇదే. లోపల ఎవడి కోడ్ వాడిది, కలిసే చోట మాత్రం ఒప్పందం.

అయినా మొదటిసారి దెబ్బతిన్నాను. విడివిడిగా కోయించిన పలకల్లో రెండు, మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పేరిస్తే సందులు. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, బిగించి, ఒకేసారి అంచు కొట్టిస్తే సరిపోయింది.

రెండో దెబ్బ వంపు. పలకకు పైవైపు మాత్రమే ఫెవికాల్, రంగు పూస్తే, ఆరేటప్పుడు అది ఆ వైపుకే గుంజుకుని వంగుతుంది. కింది వైపు కూడా ఒక పూత వేయాలి. మూడోది స్ప్రే పెయింటు. నేరుగా థర్మాకోల్ మీద కొట్టాను. నా కళ్ల ముందే సిద్ధులగుట్ట కరిగిపోయింది! స్ప్రేలోని ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. ముందు నీళ్లతో కలిపే రంగు రెండు పూతలు పూర్తిగా కప్పాలి. బండలు చెక్కడానికి సన్నటి కత్తి చాలు. వేడి తీగతో కోస్తే నున్నగా వస్తుంది కానీ, పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయాలి.

నేల పైపూతకు ఉపాయం నిర్మల్ నుంచి దొరికింది. 44వ నంబర్ రోడ్డు మీద గోదావరి దాటితే అక్కడికి గంట ప్రయాణం. నిర్మల్ బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కలు అతుకుతారు. అదే ముద్ద నా థర్మాకోల్ మీద పూశాను. తేలిక, కరిగించదు, ఆరితే అచ్చం దున్నిన మన్నులా ఉంటుంది. "పురుగు వడ్తది, జెర్రంత మైలుతుత్తం కలుపు" అన్నాడు బాపు, చేతిలో పేపరు దించకుండానే. అది విషం కదా, గ్లవుజులు వేసుకుని కలిపాను. ఆయన గమనిస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

పసుపు పారాణి అయింది

చెలక మన్ను ఎర్రది. పసుపు ఊరివాణ్ని, రంగుకు పసుపే వాడదామనిపించింది. గోడలకు పెట్టే పుట్టీలో ఇంటి పసుపు కలిపాను. క్షణాల్లో ముద్ద ఎర్రబడింది. నేను హడలిపోతే అమ్మ నవ్వింది. "పసుపుల సున్నం కలిస్తే పారాణి గాదురా? గింత సదువు సదివినవ్!" పుట్టీలో తెల్ల సిమెంటు ఉంటుంది, అది సున్నం లాంటి క్షారమే. తగిలితే పసుపు ఎరుపవుతుంది. అనుకోకుండా నాకు కావలసిన రంగే దొరికింది.

సంతోషం వారం రోజులే. కిటికీ దగ్గర పెట్టిన బోర్డు వెలిసిపోయింది. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. చివరికి ఎర్రమన్నునే జల్లెడ పట్టి, ఫెవికాల్ నీళ్లతో అంటించాను. ఆ మన్ను ప్లాట్ల రోడ్డు పక్క నుంచి తెచ్చుకున్నదే.

బాయి ఏడున్నది?

ఆరు పలకలూ పూర్తయ్యాక మొదటిసారి వరండాలో పేర్చాను. బాయి, యాపచెట్టు, బండలు, పసుపు బోదెలు. బాపు చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు.

"మన చెలకల గిన్ని బాటలేడియిరా?"

"కలపాలంటే ఉండాలె బాపు."

"ఒర్రె గిట్ల నడుమల ఆగది. కిందికి వోతది."

"అది అంచు దాటితే వేరే బోర్డుకు కలవది."

ఇంకేం మాట్లాడలేదు. వంగి, బాయి గట్టు మీద వేలు పెట్టి, "మెట్లు ఈ దిక్కు ఉండె" అని లోపలికి వెళ్లిపోయాడు. మెట్లు మళ్లీ చెక్కాను.

తర్వాతి ఆదివారం హైదరాబాద్ దోస్తులు వచ్చారు. ఆట మొదలయ్యే ముందు పలకలను కలిపేయడం పద్ధతి. ఆరు పలకలను 720 వరసల్లో పెట్టవచ్చు. ఒక్కోదాన్ని నాలుగు దిక్కులకూ తిప్పవచ్చు. అన్నీ కలిపితే 29,49,120 రకాలు. వాళ్లకు ఆ లెక్క చెప్పి గొప్పగా నవ్వుతుంటే బాపు బయటికి వచ్చాడు. బాయి ఒక మూలకు పోయింది. యాపచెట్టు బండల నడుమకు వచ్చింది.

"బాయి ఏడికి వోయింది?" అన్నాడు. నేను చెప్పబోయేలోపే, "ఆడుకోండ్రి, ఆడుకోండ్రి" అని గేటు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు నేనెలా ఆడానో గుర్తు లేదు. అంచులన్నీ కలిసేలా చేశానని మురిసిపోయాను గానీ, ఆ 29 లక్షల రకాల్లో మా చెలక ఒక్కటే అన్న లెక్క వేసుకోలేదు. ఇక వీటిని ఆటకు వాడొద్దు, వేరేవి చేసుకుంటాను అని రాత్రి అమ్మకు చెప్పాను.

తెల్లారి లేచి వరండాలోకి వస్తే పలకలు మళ్లీ వరసలో ఉన్నాయి. బాయి నడుమ, యాపచెట్టు పక్కన, బండలు మూలకు. బాపు ఎప్పుడు లేచి పేర్చాడో తెలియదు. ఓడిపోయిన జట్టు సైనికులను కూడా ఏరి, బాయి గట్టు మీద వరసగా కూర్చోబెట్టాడు. చాయ్ తాగుతూ, "మల్ల ఆయితారం వస్తరా మీ దోస్తులు?" అని అడిగాడు.

వస్తూనే ఉన్నారు. ఆదివారం మేం కలిపేస్తాం, సోమవారానికి ఆయన సర్దేస్తాడు. మిగిలిన రెండు పలకలు మొన్న తీశాను. ఒర్రె కిందికి పోవాలంటే ఒక పలక కావాలి. అది ఎటు పోతుందో ఈసారి బాపే పెన్సిల్‌తో గీసిచ్చాడు.