ఏటీపీ: కణం ఖర్చు చేసే శక్తి

ఇబ్రహీంపట్నం పరిసర గ్రామాల్లో తెల్లవారుజామున దించిన ఈత కల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కేసరికి అదే కల్లు నురగ కట్టి పులుస్తుంది. లొట్టిలో చేరిన ఈస్టు కణాలు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మార్చడమే దీనికి ముఖ్య కారణం. ఈస్టుకు ఆల్కహాలుతో పనిలేదు. దానికి కావలసింది ఏటీపీ, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్.

గ్లూకోజ్ మొదట కణద్రవ్యంలో గ్లైకాలసిస్ ద్వారా రెండు పైరువిక్ ఆమ్ల అణువులుగా విడిపోతుంది. ఇక్కడ నికరంగా దక్కేవి 2 ఏటీపీ అణువులు. ఆక్సిజన్ లేకుండా జరిగే కిణ్వనంలో అంతకుమించి రాదు. కాబట్టి ఈస్టు బతకడానికి చాలా చక్కెర ఖర్చు చేయాలి. ఆక్సిజన్ అందితే పైరువిక్ ఆమ్లం మైటోకాండ్రియాలో క్రెబ్స్ వలయం, ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థల ద్వారా పూర్తిగా ఆక్సీకరణం చెందుతుంది. అప్పుడు ఒక గ్లూకోజ్‌కు మొత్తం 30 నుంచి 32 ఏటీపీలు వస్తాయి. పాత పుస్తకాల్లో మీకు 36 లేదా 38 కనిపిస్తుంది. ఒక్కొక్క ఎన్‌ఏడీహెచ్‌కు 3 ఏటీపీల చొప్పున వేసిన లెక్క అది. ఇప్పుడు సుమారు 2.5గా తీసుకుంటున్నారు.

ఈ కథలో తెలుగువారికి దగ్గరి పేరు ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే వారి పద్ధతి 1925లో వెలువడింది. కండరాల సారాన్ని ఆ పద్ధతిలో పరీక్షిస్తే రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఆమ్లంలో సులభంగా విడిపోయే ఫాస్ఫేట్ సమ్మేళనం ఏదో అందులో ఉందన్నమాట! అదే ఫాస్ఫోక్రియాటిన్ (1927). కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పెరుగుతుంది. 1929లో వారు ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. కొన్ని పుస్తకాలు లోమన్ పేరొక్కటే చెబుతాయి, అది న్యాయం కాదు.

అప్పటివరకు కండర సంకోచానికి మూలం లాక్టిక్ ఆమ్లమేనని నమ్మేవారు. 1930లో లండ్స్‌గార్డ్ అయోడోఎసిటిక్ ఆమ్లంతో కండరంలో లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా ఆపారు. అయినా కండరం కొంతసేపు సంకోచించింది, ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోయింది. పాత సిద్ధాంతం నిలవలేదు.

విద్యార్థులు తరచూ పొరబడే విషయం ఒకటుంది. 'ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి వస్తుంది' అని రాస్తారు. ఏ బంధం తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే. ఏటీపీ నీటితో చర్య జరిపి ఏర్పడే ఏడీపీ, ఫాస్ఫేట్‌లు మరింత స్థిరమైనవి కాబట్టే మొత్తం మీద మోల్‌కు సుమారు 30.5 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది (ప్రమాణ పరిస్థితుల్లో).

ఈ శక్తిని కణం ఎక్కువగా నిల్వ ఉంచుకోదు. బస్సు అందుకోవడానికి మీరు ఒక్కసారిగా పరుగెత్తితే కండరంలోని ఏటీపీ కొద్ది సెకన్లకే సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఏడీపీకి ఇచ్చి సుమారు పది సెకన్లు ఆదుకుంటుంది. ఆలోగా గ్లైకాలసిస్ వేగం పుంజుకుంటుంది.