టెట్రిస్ (గేమ్ బాయ్)

టెట్రిస్ అనునది చేతిలో పట్టుకుని ఆడుకొనే గేమ్ బాయ్ యంత్రం కొరకు జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1989లో విడుదల చేసిన వీడియో ఆట. పైనుండి ఒక్కొక్కటిగా దిగే ముక్కలను తిప్పుతూ, పక్కలకు జరుపుతూ, సందు లేకుండా వరుసలుగా పేర్చడమే ఇందులోని పని. మూల ఆటను సోవియట్ యూనియన్‌కు చెందిన అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో రూపొందించాడు. గేమ్ బాయ్ కూర్పు సుమారు మూడున్నర కోట్ల ప్రతులు అమ్ముడుపోయినది. చేతి యంత్రాల ఆటలలో అత్యధిక ప్రజాదరణ పొందిన వాటిలో ఇది ఒకటి. మన దేశంలో 1990లలో పిల్లలు "బ్రిక్ గేమ్" అని పిలిచిన చవక యంత్రం ఈ ఆటకు అనుకరణయే.

ఆడే విధానం

ఆటస్థలం 10 గడుల వెడల్పు, 18 గడుల ఎత్తు గల బావి వంటిది. నాలుగేసి గడులతో ఏర్పడిన ముక్కలు దానిలోకి దిగుతాయి. నాలుగు గడులను అంచులు కలిసేటట్లు అతికిస్తే ఏడు ఆకారాలు మాత్రమే వస్తాయి. ఆంగ్ల అక్షరాల పోలికను బట్టి వాటిని ఐ, ఓ, టి, ఎస్, జడ్, జె, ఎల్ అని పిలుస్తారు. ఒక అడ్డువరుస పూర్తిగా నిండగానే మాయమై, పైనున్నవి కిందికి దిగుతాయి. ముక్కలు పేరుకుపోయి బావి పైఅంచును చేరితే ఆట ముగిసినట్లే.

ఆటలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఏ-పద్ధతికి అంతం లేదు. పది వరుసలు చెరిపినప్పుడల్లా స్థాయి, దానితో పాటు వేగము పెరుగుతాయి. బి-పద్ధతిలో 25 వరుసలు చెరిపితే గెలుపు.

ఆట రుచి అంతా మార్కులు లెక్కించే తీరులో ఉన్నది. మొదటి స్థాయిలో ఒక వరుస చెరిపితే 40, ఒకేసారి రెండు చెరిపితే 100, మూడింటికి 300, నాలుగింటికి 1200 లభిస్తాయి. అదే నాలుగు వరుసలను ఒక్కొక్కటిగా చెరిపితే దక్కేది 160 మాత్రమే. అంటే ఓపిక పట్టినవానికి ఏడున్నర రెట్లు ఫలితం. నాలుగు వరుసలను ఒకేసారి చెరపగలది నిలువు కడ్డీ వంటి ఐ ముక్క ఒక్కటే. కనుక ఆటగాడు ఒక అంచున నిలువు సందు వదలి, మిగిలిన భాగాన్ని ఎత్తుగా పేర్చుకుంటూ ఆ ముక్క కొరకు ఎదురుచూస్తాడు. అది సమయానికి రాకపోతే కట్టుకున్న గోడే అతని కొంప ముంచుతుంది. తరువాత వచ్చిన కొన్ని కూర్పులలో ఒక ముక్కను పక్కన దాచుకొనే వీలు కల్పించారు. గేమ్ బాయ్ కూర్పులో అది లేదు. రాబోయే ఒక్క ముక్కను మాత్రం తెర పక్కన చూపుతుంది.

పుట్టుక

పజిత్నోవ్ సోవియట్ విజ్ఞాన అకాడమీకి చెందిన గణన కేంద్రంలో పనిచేసేవాడు. ఐదేసి గడులతో ఏర్పడే పెంటామినో అనే చెక్కముక్కల చిక్కుముడి అతనికి స్ఫూర్తి. ఐదు గడులతో ఆకారాలు మరీ ఎక్కువ కావడంతో నాలుగుకు తగ్గించాడు. అతడు వాడిన ఎలెక్ట్రానికా-60 అనే కంప్యూటరు బొమ్మలు గీయలేదు. అందువలన ముక్కలను బ్రాకెట్ గుర్తులతో చూపవలసి వచ్చినది. గ్రీకు భాషలో నాలుగును సూచించే "టెట్రా"ను, తనకు ఇష్టమైన టెన్నిస్ ఆటను కలిపి టెట్రిస్ అని పేరు పెట్టాడు. పదహారేళ్ళ విద్యార్థి వదీమ్ గెరాసిమోవ్ దీనిని ఐబీఎం పీసీకి అనువుగా తిరిగి వ్రాశాడు. ఆ తరువాత ఫ్లాపీల ద్వారా చేతులు మారుతూ ఆట మాస్కోను దాటి హంగరీ వరకు చేరినది.

హక్కుల తగాదా

1986లో రాబర్ట్ స్టైన్ అనే వ్యాపారి హంగరీలో ఈ ఆటను చూసి, మాస్కోతో ఒప్పందం పూర్తికాక ముందే హక్కులను బ్రిటన్‌లోని మిర్రర్‌సాఫ్ట్‌కు, అమెరికాలోని స్పెక్ట్రమ్ హోలోబైట్‌కు అమ్మివేశాడు. మిర్రర్‌సాఫ్ట్ నుండి హక్కులు అటారీ గేమ్స్‌కు, అక్కడినుండి మరికొందరికి పాకినవి. ఇంతమంది కొనుక్కున్నది అసలు యజమాని సరిగా అమ్మని వస్తువును.

జపాన్‌లో స్థిరపడిన హెంక్ రోజర్స్ 1988లో లాస్ వేగాస్ ప్రదర్శనలో ఈ ఆటను చూశాడు. రాబోయే గేమ్ బాయ్‌తో మారియో ఆటకు బదులు టెట్రిస్‌ను ఇవ్వవలసినదిగా నింటెండో అమెరికా అధిపతి మినోరు అరకావాను ఒప్పించాడు. మారియో చిన్నపిల్లలను మాత్రమే ఆకర్షిస్తుందని, టెట్రిస్ అందరికీ నచ్చుతుందని అతని వాదన.

1989 ఫిబ్రవరిలో రోజర్స్ మాస్కో వెళ్ళి, సాఫ్ట్‌వేర్ ఎగుమతులు చూసే ఎలోర్గ్ అనే ప్రభుత్వ సంస్థ తలుపు తట్టాడు. అదే సమయంలో స్టైన్, మిర్రర్‌సాఫ్ట్ యజమాని రాబర్ట్ మాక్స్‌వెల్ కుమారుడు కెవిన్ కూడా విడివిడిగా అక్కడికి వచ్చారు. రోజర్స్ తాను జపాన్‌లో అమ్ముతున్న టెట్రిస్ కార్ట్రిడ్జ్‌ని చూపగానే ఎలోర్గ్ అధికారి నికొలాయ్ బెలికోవ్ నివ్వెరపోయాడు. టీవీకి తగిలించి ఆడే యంత్రాలకు ఎలోర్గ్ ఎవరికీ హక్కులు ఇవ్వలేదు! రోజర్స్ వాదులాడక, రావలసిన సొమ్ముకు అక్కడే చెక్కు వ్రాశాడు. చేతి యంత్రాల హక్కులు అతనికి దక్కాయి.

స్టైన్‌తో సవరించిన ఒప్పందంలో బెలికోవ్ ఒక నిర్వచనం చేర్చాడు. కీబోర్డు, మానిటరు, డిస్క్ డ్రైవ్ వంటివి ఉన్నదే కంప్యూటరు అని దాని సారాంశం. ఆలస్యపు చెల్లింపులకు విధించిన జరిమానాల మీద దృష్టి పెట్టిన స్టైన్ ఈ వాక్యాన్ని పట్టించుకోకుండా సంతకం చేశాడు. దానితో టీవీ ఆటల యంత్రాలు అతని హక్కుల పరిధి దాటిపోయాయి. మార్చిలో ఆ హక్కులు నింటెండోకు దక్కాయి. అటారీ గేమ్స్ టెంజెన్ పేరుతో విడుదల చేసిన కార్ట్రిడ్జ్‌లను 1989 జూన్‌లో అమెరికా న్యాయస్థానం నిలిపివేసినది.

ఇంత బేరసారాల మధ్య ఆటను సృష్టించినవానికి మాత్రం వాటా ఏమీ లేదు. పజిత్నోవ్ పదేళ్ళ పాటు హక్కులను ప్రభుత్వానికి అప్పగించాడు. నింటెండో కోట్ల ప్రతులు అమ్మిన కాలమంతా ఆ పదేళ్ళలోనే గడిచినది. అతడు 1991లో అమెరికాకు వలస వెళ్ళాడు. 1996లో రోజర్స్‌తో కలిసి టెట్రిస్ కంపెనీని స్థాపించిన తరువాతనే తన ఆట మీద ఆదాయం చూడగలిగాడు. 2023లో వచ్చిన "టెట్రిస్" ఆంగ్ల చలనచిత్రానికి ఈ హక్కుల కథే ఆధారం. అయితే అందులోని కారు ఛేజింగుల వంటివి కల్పితాలు.

గేమ్ బాయ్‌కు తగిన ఆట

గున్‌పెయ్ యోకోయ్ బృందం రూపొందించిన గేమ్ బాయ్ 1989 ఏప్రిల్ 21న జపాన్‌లోను, జూలై 31న అమెరికాలోను విడుదలైనది. అమెరికాలో యంత్రంతో పాటు టెట్రిస్‌ను కలిపి ఇచ్చారు. దాని తెర 160×144 చుక్కలది. నాలుగు ఛాయలు మాత్రమే చూపగలదు. వెనుక దీపం లేదు. వేగంగా కదిలే బొమ్మలు దానిపై అలికినట్లు కనబడేవి. టెట్రిస్ ముక్క గడి గడిగా దిగుతుంది కనుక ఈ లోపం దానికి అంతగా అడ్డు రాలేదు. రంగులు లేని లోటును ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క నగిషీ ఇచ్చి తీర్చారు. ఆట మొత్తం 32 కిలోబైట్లలో ఇమిడిపోయినది. పోటీగా వచ్చిన అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో మెరిసినా ఆరు బ్యాటరీలను కొద్ది గంటలలోనే మింగివేసేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది.

రెండు యంత్రాలను తీగతో కలిపి ఇద్దరు పోటీ పడవచ్చును. ఒకరు ఒకేసారి రెండు లేక అంతకన్న ఎక్కువ వరుసలు చెరిపితే ఎదుటివారి బావిలో అడుగునుండి చెత్త వరుసలు పైకి లేస్తాయి.

ఆట వెంట వినిపించే మూడు బాణీలలో మొదటిది "కొరొబైనికి" అనే రష్యన్ జానపద గీతం. రెండవది హిరోకజు తనాకా స్వరపరచినది. మూడవది బాఖ్ రచన నుండి గ్రహించినది. మొదటి బాణీ ఎంత ప్రసిద్ధి చెందినదంటే, అది ఈ ఆట కొరకే పుట్టినదని చాలామంది భ్రమపడతారు.

గణితం, మనస్తత్వం

ఏడు ముక్కలలో మొత్తం 28 గడులు ఉన్నాయి. అయినా ఏడింటిని ఒక్కొక్కసారి వాడి 4×7 దీర్ఘచతురస్రం పేర్చడం అసాధ్యం. చదరంగపు బల్ల వలె రంగులు వేస్తే దీర్ఘచతురస్రంలో నల్లవి 14, తెల్లవి 14 ఉంటాయి. ఆరు ముక్కలు రెండేసి నల్లవి, రెండేసి తెల్లవి కప్పుతాయి. టి ముక్క మాత్రం మూడు, ఒకటి కప్పుతుంది. కాబట్టి లెక్క 15, 13 అవుతుంది.

ఎస్, జడ్ ముక్కలు ఒకదాని తరువాత ఒకటి మాత్రమే వస్తూ ఉంటే ఎంతటి నేర్పరి అయినా ఓడక తప్పదని 1990లలో గణితవేత్తలు నిరూపించారు. ముక్కల వరుస ముందే తెలిసినా అత్యుత్తమంగా పేర్చడం ఎన్‌పీ-కంప్లీట్ తరగతికి చెందిన కఠిన సమస్య అని 2002లో ఎరిక్ డిమైన్, అతని సహచరులు చూపారు.

చాలాసేపు ఆడినవారికి కళ్ళు మూసుకున్నా ముక్కలు దిగుతున్నట్లు కనబడుతుంది. హార్వర్డ్‌కు చెందిన రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో, తాము ఆట ఆడిన సంగతే గుర్తులేని మతిమరుపు రోగులు కూడా నిద్రపట్టే వేళ దిగుతున్న ఆకారాలను చూసినట్లు చెప్పారు.

వ్యాప్తి

రష్యన్ వ్యోమగామి అలెగ్జాండర్ సెరెబ్రోవ్ 1993లో గేమ్ బాయ్‌ను, టెట్రిస్‌ను మీర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకుని వెళ్ళాడు. 2011లో అది వేలంలో 1,220 డాలర్లకు అమ్ముడైనది.

భారతదేశంలో అత్యధికులకు అసలు గేమ్ బాయ్ అందుబాటులో లేదు. ఇక్కడి ఫ్యాన్సీ దుకాణాలలో దొరికినది అనుమతి లేకుండా తయారైన చైనా బ్రిక్ గేమ్. దాని తెరపై 10×20 గడులు ముందే అచ్చువేసి ఉండేవి. యంత్రం వాటిని వెలిగించడం, ఆర్పడం మాత్రమే చేసేది. పెట్టె మీద "9999 ఆటలు" అని ఉన్నా అసలు ఆటలు కొన్నే. వేగము, స్థాయి మార్చి ఒక్కొక్కదానిని వేరే ఆటగా లెక్కవేసేవారు. వాటిలో పాము ఆట, కార్ల పందెం కూడా ఉండేవి. పజిత్నోవ్ పేరు గాని, టెట్రిస్ పేరు గాని ఆ పెట్టెల మీద సాధారణంగా కనబడేవి కావు.