పశ్చిమ పసిఫిక్ ఉప అయనరేఖా అధిక పీడనం

పశ్చిమ పసిఫిక్ ఉప అయనరేఖా అధిక పీడనం అనేది వాయవ్య పసిఫిక్ మహాసముద్రంపై, ముఖ్యంగా వేసవిలో, విస్తరించి ఉండే విశాలమైన అధిక పీడన ప్రాంతం. ఈ సముద్రంలో పుట్టే తీవ్ర తుఫానులను టైఫూన్లు అంటారు. పారే ఏటిలో సుడి నీటితో పాటు సాగినట్లే, టైఫూన్ కూడా చుట్టూ వీచే గాలులతో పాటు కదులుతుంది. ఆ గాలుల దిశను ప్రధానంగా నిర్ణయించేది ఈ అధిక పీడనమే.

ఏర్పడే విధానం

భూమధ్యరేఖ వద్ద వేడెక్కిన తేమగాలి పైకి లేచి, వర్షించి, ఎత్తులో ధ్రువాల వైపు సాగుతుంది. సుమారు 30 డిగ్రీల అక్షాంశాల వద్ద అది కిందికి దిగుతుంది. 1735లో వ్యాపార పవనాలను వివరించిన జార్జ్ హాడ్లీ పేరు మీద దీనిని హాడ్లీ ప్రసరణ అంటారు. దిగే గాలి ఒత్తిడికి లోనై కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడెక్కుతుంది. అందువలన మేఘాలు కరిగి ఆకాశం నిర్మలంగా ఉంటుంది.

అయితే ఇది భూగోళం చుట్టూ తెగని పట్టీ కాదు. వేసవిలో ఆసియా ఖండం వేడెక్కి అక్కడ అల్పపీడనం ఏర్పడగా, సముద్రంపై అధిక పీడనం నిలిచి ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో హాడ్లీ ప్రసరణ శీతాకాలంలోనే బలంగా ఉన్నా, సముద్రాలపై అధిక పీడనాలు వేసవిలో బలపడతాయి. ఋతుపవన ప్రాంతాల వేడిమి ఇందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞుల భావన.

టైఫూన్ల మార్గంపై ప్రభావం

ఉత్తరార్ధగోళంలో అధిక పీడనం చుట్టూ గాలులు సవ్యదిశలో తిరుగుతాయి. కనుక దాని దక్షిణపు అంచున ఉన్న టైఫూన్ పడమరకు సాగుతుంది. పడమటి అంచును చేరినప్పుడు ఉత్తరానికి తిరిగి, ఆపై పశ్చిమ పవనాలలో చిక్కుకొని ఈశాన్యానికి మళ్ళుతుంది. అధిక పీడనం పడమరకు చొచ్చుకొని వస్తే ఫిలిప్పీన్స్, వియత్నాం, దక్షిణ చైనాలకు ముప్పు. తూర్పుకు తగ్గితే జపాన్‌కు.

2013 నవంబరు 8న హైయాన్ టైఫూన్ దక్షిణపు అంచు వెంబడి వేగంగా వచ్చి ఫిలిప్పీన్స్‌లోని సమార్ ద్వీపాన్ని తాకింది. ఆరు వేల మందికి పైగా మరణించారు. 2019 అక్టోబరు 12న జపాన్‌లోని ఇజు ద్వీపకల్పాన్ని తాకిన హగిబిస్ పడమటి అంచు చుట్టూ తిరిగి వచ్చినది. ఆనాడు హకోనేలో 24 గంటలలో 922.5 మి.మీ. వర్షం కురిసింది.

నడిపించే గాలులు బలహీనపడితే మరొక ప్రమాదం ఉంది. 2009 ఆగస్టులో మొరాకోట్ టైఫూన్ తైవాన్ మీద మందకొడిగా కదిలింది. అలీషాన్‌లో మొత్తం 2,700 మి.మీ.కు పైగా వర్షం పడింది. షియావోలిన్ గ్రామం కొండచరియల కింద కూరుకుపోయింది.

పడమరకు సాగే తుఫానులు ఒక్కొక్కసారి బంగాళాఖాతంలోకి కూడా వస్తాయి. 1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టిన గే టైఫూన్ మలయా ద్వీపకల్పాన్ని దాటి, చివరకు నెల్లూరు జిల్లా కావలి సమీపంలో తీరాన్ని తాకింది.

టైఫూన్ల ఎదురు ప్రభావం

ఈ సంబంధం ఏకపక్షం కాదు. బలమైన టైఫూన్ అధిక పీడనపు అంచును కోసివేసి తనకు తానే ఉత్తరానికి దారి చేసుకోగలదు. ఫిలిప్పీన్స్ పరిసరాలలో మేఘాలు దట్టంగా పెరిగినప్పుడు జపాన్ వైపు అధిక పీడనం బలపడుతుందని 1987లో త్సుయోషి నిట్టా చూపించారు.

అంచును గుర్తించడం

తూర్పు ఆసియా వాతావరణ నిపుణులు 500 హెక్టోపాస్కల్ పీడన పటంలో 5,880 మీటర్ల ఎత్తు గీతను ఈ అధిక పీడనపు సరిహద్దుగా తీసుకుంటారు. ముందస్తు అంచనాలో ఈ గీత రెండు మూడు వందల కిలోమీటర్లు అటూ ఇటూ అయినా, టైఫూన్ చేరే తీరం మారిపోవచ్చు.