హైస్కూల్లో ప్రయోగం, కళాశాలలో క్రెడిట్

అమెరికాలో హైస్కూలు చదివే బంధువుల పిల్లలు 'ఏపీ కెమిస్ట్రీ తీసుకున్నాం' అంటుంటే మీలో కొందరు వినే ఉంటారు. ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కళాశాల మొదటి సంవత్సరం స్థాయి రసాయనశాస్త్రాన్ని హైస్కూల్లోనే చదివి, మే నెలలో కాలేజ్ బోర్డ్ పరీక్ష రాస్తారు. స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. మంచి స్కోరు వస్తే అనేక విశ్వవిద్యాలయాలు క్రెడిట్లు ఇస్తాయి. ఎంత స్కోరుకు ఎన్ని ఇవ్వాలన్నది ఆయా విశ్వవిద్యాలయాల ఇష్టం.

క్రెడిట్ అంటే చదువుకు వెచ్చించిన శ్రమకు కొలమానం. ఒక సెమిస్టరు పాటు వారానికి గంట పాఠం వింటే సాధారణంగా ఒక క్రెడిట్. ప్రయోగశాలలో అయితే ఆ ఒక్క క్రెడిట్‌కు వారానికి రెండు మూడు గంటలు పనిచేయాలి.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. ఏపీ పరీక్షలో ప్రయోగాలపై ప్రశ్నలుంటాయి కానీ, ప్రయోగం చేసి చూపించాల్సిన పని లేదు. మరి విద్యార్థి బ్యూరెట్ పట్టాడని విశ్వవిద్యాలయానికి ఎలా తెలుస్తుంది? అందుకే బోధనా సమయంలో కనీసం 25 శాతం ప్రయోగాలకు కేటాయించాలని, కనీసం 16 ప్రయోగాలు చేయించాలని నియమం పెట్టారు. కొన్ని విశ్వవిద్యాలయాలు క్రెడిట్ ఇచ్చే ముందు ప్రయోగాల నోటుపుస్తకం చూపమంటాయి. అది లేకపోతే మంచి స్కోరు వచ్చినా ల్యాబ్ కోర్సు మళ్లీ చేయాల్సి రావచ్చు.

ఆ పుస్తకంలో ఏముండాలి? ఒక ఉదాహరణ చూద్దాం. 5 మి.లీ. వెనిగర్‌ను నీటితో పలుచన చేసి, ఫినాఫ్తలీన్ సూచిక కలిపి, 0.2 మొలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేశారనుకోండి. మొదటిసారి 21.40 మి.లీ. పట్టింది, తొందరలో రంగు ముదిరిపోయింది. తర్వాత రెండుసార్లు 20.80, 20.70 వచ్చాయి. లేత గులాబీ రంగు నిలిచింది. వీటి సగటు 20.75. దీన్ని 0.2తో గుణించి 5తో భాగిస్తే 0.83 మొలార్. ఎసిటిక్ ఆమ్లం అణుభారం 60 కనుక లీటరుకు దాదాపు 50 గ్రాములు, అంటే సుమారు 5 శాతం. సీసాపై సాధారణంగా కనిపించే అంకె ఇదే.

మరి 21.40ని ఏం చేయాలి? చెరిపేయకూడదు. ఒకే గీతతో కొట్టేసి, పక్కన 'అంతిమ స్థానం దాటింది' అని కారణం రాయాలి. తేదీ వేయాలి. చూసింది చూసినప్పుడే, సిరాతోనే రాయాలి.

ఇన్నేళ్ల బోధనలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది సరిగ్గా దీనికి విరుద్ధమైన అలవాటు. రావాల్సిన జవాబు ముందే తెలుసుకుని, దానికి సరిపోయే రీడింగు వెనక్కి లెక్కకట్టి, సీనియర్ల రికార్డు చూసి అందంగా ఎక్కించడం! మార్కులు వస్తాయి, చేతికి పని మాత్రం రాదు.

మన దేశంలోనూ 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం పాఠశాల చదువును, ప్రయోగశాల పనిని కూడా క్రెడిట్ల లెక్కలోకి తెచ్చింది. కాబట్టి ఈ మాట మీకూ వర్తిస్తుంది. ఈసారి ల్యాబ్‌లో తప్పు రీడింగు వస్తే దాచకండి. దాన్ని అలాగే రాసి, ఎందుకు వచ్చిందో ఆలోచించండి. మీరు నిజంగా ప్రయోగం చేశారనడానికి అదే సాక్ష్యం.