బడిబస్సు ఊరిలో ఆగుచోట

బడిబస్సుల సంగతి ఉపాధ్యాయులును, బస్సు యజమానులును చూచుకొందురని పంచాయతీ సభ్యులలో కొందఱు తలంచుచుందురు. ఆ తలంపు సగము మాత్రమే సరియైనదని మా అభిప్రాయము. బస్సు లోపలి క్రమశిక్షణ వారి బాధ్యతయే. కాని బిడ్డ బస్సెక్కునదియు, దిగునదియు మన ఊరి రోడ్డుమీదనే గదా!

సాయంకాలము బస్సు దిగిన చిన్నబిడ్డను గమనింపుడు. ఇల్లు ఆవలి ప్రక్కనున్నచో బస్సు ముందుగా చుట్టి ఒక్క పరుగున రోడ్డు దాటును. బస్సున కానుకొని నడచు పొట్టిబిడ్డ ఎత్తుగా కూర్చున్న డ్రైవరునకు కనబడదు. వెనుకనుండి వచ్చు లారీవానికిని కనబడదు. బస్సు వెళ్లిపోవువరకు ఆగి, ఇరువైపుల చూచి దాటవలెనని పిల్లలకు నేర్పవలెను. అయితే నేర్పుటతో తీరలేదు. తల్లి ఆవలి ప్రక్క నిలిచి చేయి ఊపినచో ఏడేండ్ల బిడ్డ నేర్చినదంతయు మఱచును. కావున తీసికొనిపోవ వచ్చిన పెద్దలు బస్సు ఆగు ప్రక్కనే వేచియుండవలెను.

బస్సు ఆగుచోటును నిర్ణయించుటలో పంచాయతీ చొరవ చూపవచ్చును. మలుపు దగ్గఱ వలదు. రోడ్డంచున తుమ్మపొదలున్నచో కొట్టించుడు. కోతల కాలమున రోడ్డుపై ధాన్యము ఆరబోసినచో పిల్లలు నడిరోడ్డున నిలువవలసివచ్చును. ఈ మాట రైతులకు చెప్పుట కష్టమే, అయినను చెప్పవలెను.

ఊరి చివర బస్సు వెనుకకు తిరుగునపుడు సహాయకుడు దిగి, పిల్లలను దూరముగా నిలిపి, దారి చూపవలెను. సహాయకుడు లేని బస్సును గూర్చి యాజమాన్యమును ప్రశ్నింపుడు. 2014 జూలై 24వ తేదీన మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైల్వే క్రాసింగును దాటుచున్న బడిబస్సును రైలు ఢీకొనగా పెక్కుమంది పిల్లలు మరణించిరి. అట్టి చోట బండి నాపి, సహాయకుడు, అతడు లేనిచో డ్రైవరే, దిగి నడచి వెళ్లి, రైలు రాకున్నదని చూచిన పిదపనే దాటవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించుచున్నది. బ్రాడ్‌గేజి మార్గములపై అట్టి క్రాసింగులు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. దిగి చూచు మనిషి అవసరము మాత్రము తొలగలేదు.

ఇక ఆర్టీసీ బస్సులో బడికి పోవు పెద్దపిల్లల మాట. ఫుట్‌బోర్డుపై వ్రేలాడుటను ఆ చట్టమే నిషేధించినది. కాని లోపల కాలు మోపుటకు చోటు లేనపుడు పిల్లలను కోపించి లాభమేమి? పంచాయతీ తీర్మానము చేసి డిపో మేనేజరునకు పంపవలెను. “మా ఊరికి బస్సు కావలెను” అని మాత్రము వ్రాసిన తీర్మానము ఎవరికిని ఉపయోగపడదు. ఏ తరగతి పిల్లలు ఎందఱు పోవుచున్నారు, బడిగంట ఎప్పుడు, ఇప్పటి బస్సు ఏ వేళకు వచ్చుచున్నది, సెలవుదినములేవి — ఇవి అందు వ్రాయుడు.